చివరి గడి దగ్గర గవ్వల లెక్క

1908 సెప్టెంబరు చివర్లో ఈసీ, మూసీ నదుల ఎగువన తెరిపి లేకుండా వాన పడింది. శంషాబాద్ వర్షమాపకంలో 24 గంటలకి 12.8 అంగుళాలు, 48 గంటలకి 18.9 అంగుళాలు నమోదయింది. ఆ పరీవాహక ప్రాంతంలో అప్పటికి 788 చెరువులుండేవి. వాటిలో 221 తెగాయి. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి. అదీ తెగితే దాని కిందిది. 28వ తేదీన మూసీ హైదరాబాద్ మీద పడి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన సూచించిన రెండు జలాశయాల్లో మూసీ మీది ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీది హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఆటల గురించిన అధ్యాయంలో వరద ఎందుకంటే, అదృష్టానికి ఎంత చోటు వదలాలన్న ప్రశ్న అక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. హిమాయత్ సాగర్ పూర్తి నీటిమట్టం 1763.5 అడుగులు. ఆ గీత దాకా నీళ్లు నిలపడం ఒక పని. గీత దాటి వచ్చేదానికి దారి చూపించడం రెండో పని, గేట్లున్నది దానికోసం. రోజువారీ వానకి సరిపోయే కట్ట ఎవరైనా కడతారు. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద వానకి కూడా కట్ట నిలవాలి, అలాగని ఆ భయంతో జలాశయాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచడమూ కుదరదు. పాచికలతో ఆట తయారుచేసేవాళ్లు తేల్చుకోవలసిందీ ఇదే. సాగర్ కట్ట దగ్గర బండ మీద బొగ్గుతో గీసుకునే అష్టాచమ్మాకీ, ఐటీ ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు వారాంతంలో బల్ల చుట్టూ చేరి ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటకీ ఈ లెక్క ఒకటే.

ముందు ఆ రెండో ఆట సంగతి చూద్దాం. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ రకం ఆటలన్నిటికీ మూలం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఒక్కో పాత్ర. గోడ ఎక్కాలన్నా, కత్తి తగలాలన్నా 20 ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకి ఆ పాత్ర నేర్పుని బట్టి బోనస్ కలుపుతారు. మొత్తం ఒక లక్ష్యాన్ని అందుకుంటే పని అయినట్టు. పాత్ర ఒకటో లెవెల్ నుంచి ఇరవయ్యో లెవెల్ దాకా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఎదుగుతుంది. చిక్కంతా ఆ పై లెవెళ్లలోనే.

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో గోడ ఎక్కడం నేర్చుకున్న పాత్రకి ఇరవయ్యో లెవెల్‌కి శిక్షణ వల్లే 23 కలుస్తుంది. పక్కనున్న పాత్ర ఆ విద్య నేర్వకపోతే దానికి సున్నా. లక్ష్యం 20 అయితే నేర్వనివాడికి పాచిక మీద 20 పడితేనే పని అవుతుంది. నేర్చినవాడు 1 వేసినా మొత్తం 24, గోడ ఎక్కేస్తాడు. పోనీ లక్ష్యాన్ని 25కి పెంచుదామా? నేర్చినవాడికి 2 పడితే చాలు, నేర్వనివాడు ఎన్నాళ్లు వేసినా ఎక్కలేడు. ఇద్దరికీ ఉత్కంఠ కలిగించే లక్ష్యం ఒక్కటి కూడా దొరకదు. కారణం చిన్న తీసివేతలో ఉంది. పాచికలో అతి తక్కువకీ అతి ఎక్కువకీ మధ్య దూరం 19. ఇద్దరి నేర్పుల మధ్య దూరం 23. నేర్పుల తేడా పాచిక వెడల్పుని దాటిపోయింది కాబట్టి పాచిక వెయ్యడం లాంఛనంగా మిగిలింది.

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ దీనికి ఒక మందు వేసింది. ప్రతి పాత్రకీ దాని లెవెల్‌లో సగం అన్ని పనులకీ కలుస్తుంది, ఎదురు నిలిచే రాక్షసుల అంకెలు కూడా అదే జోరున పెరుగుతాయి. బల్ల మీద అంకెలు పెద్దవవుతాయి, గెలవడానికి పాచిక మీద పడాల్సింది మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. లెక్క కుదిరింది కానీ ఎదిగామన్న తృప్తి తగ్గిందని నాకనిపిస్తుంది.

2014 నాటి అయిదో ఎడిషన్ వేరే దారి పట్టింది. ఇరవై లెవెళ్ల ప్రయాణంలో నైపుణ్యం బోనస్ 2 నుంచి 6 దాకా మాత్రమే వెళ్తుంది. సహజ సామర్థ్యానికి మామూలుగా 5 దగ్గర గీత. అంటే మంత్రాలూ మాయా వస్తువులూ ప్రత్యేక సామర్థ్యాలూ లేకపోతే నిపుణుడికి 11, ఏమీ రానివాడికి సున్నా. తేడా 11, పాచిక వెడల్పు 19. లక్ష్యం 20 అయితే నేర్వనివాడికి 5 శాతం ఆశ, నేర్చినవాడికి 60 శాతం. ఇద్దరూ ఊపిరి బిగబట్టి పాచిక వైపు చూస్తారు. దీని ఇంకో ఫలితం యుద్ధంలో తెలుస్తుంది. మంచి కవచం, డాలు ఉన్న వీరుడి రక్షణ అంకె 20 అనుకోండి. గోబ్లిన్ అనే బక్క రాక్షసుడి బోనస్ 4, అంటే వాడికి 16 లేదా ఆపైన పడాలి, 25 శాతం. అలాంటివాళ్లు 20 మంది చుట్టుముడితే ఒక విడతలో సగటున అయిదు దెబ్బలు తగులుతాయి. ఎంత వీరుడైనా గుంపుకి భయపడాల్సిందే. పాత పద్ధతిలో రక్షణ అంకె గోబ్లిన్ అందుకోలేనంత పైకి వెళ్లేది. 20 పడితే తప్పక తగిలినట్టే అన్న మినహాయింపు ఒక్కటే వాళ్లకి దిక్కు.

ఇక మన గవ్వల దగ్గరికి వద్దాం. అష్టాచమ్మా పటం అయిదు వరసలు అయిదు నిలువులు, 25 గడులు. నాలుగు గవ్వలు వేస్తారు. ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. చమ్మా పడినా అష్టా పడినా మళ్లీ వేసే హక్కు వస్తుంది. కాయ బయటి వరస చుట్టి, లోపలి వరసలోకి తిరిగి, నడి గడి చేరితే పండు. చాలా ఇళ్లలో ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపనిదే లోపలికి పోనివ్వరు. నడి గడికి ఎంత దూరంలో ఉంటే సరిగ్గా అంతే పడాలి.

వెల్లకిలా, బోర్లా పడే అవకాశాలు సమానమనుకుంటే నాలుగు గవ్వలు 16 విధాలుగా పడతాయి. వాటిలో 2 వచ్చేవి ఆరు, 1 వచ్చేవి నాలుగు, 3 వచ్చేవి నాలుగు, చమ్మా ఒకటి, అష్టా ఒకటి. ఇది ఇరవై ముఖాల పాచికలా చదునైన పంపిణీ కాదు, నడుమ ఎత్తుగా ఉంటుంది. ఇంగ్లాండులో 1896లో మన గవ్వల ఆట పచ్చీసుని లూడోగా మార్చి పేటెంట్ తీసుకున్నప్పుడు గవ్వలు తీసేసి ఆరు ముఖాల పాచిక పెట్టారు. ఆ ఒక్క మార్పుతో ఆట గుణమే మారింది. లూడోలో గమ్యానికి ఒక గడి దూరంలో ఆగినవాడికి 1 పడాలంటే ఆరింట ఒక వంతు, సగటున ఆరు పందేలు. అష్టాచమ్మాలో నాలుగింట ఒక వంతు, సగటున నాలుగు. రెండు గడుల దూరమైతే అష్టాచమ్మాలో ఒకే పందెంతో చేరే అవకాశం 16కి ఆరు, లూడోలో మళ్లీ అదే ఆరింట ఒకటి. గమ్యం దగ్గరపడిన కొద్దీ అక్కరకొచ్చే చిన్న అంకెలు గవ్వల్లో తరచుగా పడతాయి. పెద్ద పందేలు ప్రయాణం మొదట్లో వరం, చివర్లో దండగ. ఎనిమిది పడినా ఒక గడి దూరంలో ఉన్న కాయ కదలదు. పై మెట్టు ఆటకి ఇంత చక్కగా అమరిన పంపిణీని మనవాళ్లు నేల మీద గీతలతో సాధించారు.

అయితే నిజం గవ్వ నాణెం లాంటిది కాదు. నాలుగు గవ్వలు అరచేతిలో వేసుకుని చూడండి. నోటి వైపు చదునుగా, రెండంచులా పళ్లు నొక్కినట్టు గాట్లతో ఉంటుంది. వీపు ఉబ్బి, నున్నగా జారుతుంది. ఒక్కోదానికి ఉబ్బు ఒక్కో తీరు. వీపు అరిగిన గవ్వ దాని మీద కుదురుగా నిలిచి వెల్లకిలా పడటానికి మొగ్గుతుంది. ఉబ్బు ఎక్కువున్నది దొర్లి బోర్లా పడవచ్చు. వెల్లకిలా పడే అవకాశం సగానికి బదులు నూటికి 60 అనుకుందాం. చిన్న తేడాలా కనిపిస్తుంది. కానీ చమ్మా అవకాశం 6.25 శాతం నుంచి సుమారు 13 శాతానికి పెరుగుతుంది, అష్టా 2.6 శాతానికి పడిపోతుంది. రెండూ సమానంగా పడాల్సింది పోయి ఒకటి రెండోదానికి అయిదు రెట్లవుతుంది. చివరి గడికి కావలసిన 1 పడే అవకాశం 25 శాతం నుంచి 15కి దిగుతుంది, నాలుగు పందేలు పట్టేచోట ఆరున్నర పడతాయి. చింతపిక్కల్ని ఒక పక్క అరగదీసి ఆడేవాళ్లయితే ఈ మొగ్గుని తెలియకుండానే తమ చేత్తో నిర్ణయిస్తున్నారు. ఎంత అరగదీశారన్నదే వాళ్ల ఆటకి అసలు నియమం.

పందేన్ని లెక్కతో ముడిపెట్టడం కొత్తేమీ కాదు. భారతంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణ మహారాజు తాండ్ర చెట్టుని చూసి, దాని రెండు కొమ్మల మీద ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడికి పాచికల మర్మమైన అక్షహృదయం నేర్పేదీ ఆయనే. ఆ కాలంలో జూదానికి వాడిన గింజలు ఆ చెట్టువే. చూపుతోనే లెక్క కట్టే విద్యనీ, పందెం మర్మాన్నీ ఒకే మనిషి చేతిలో పెట్టిన ఆ కథకుడి చూపు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

పెద్ద పందెం పడితే మళ్లీ వెయ్యడమనే నియమం రోల్‌ప్లేయింగ్ ఆటల్లోనూ ఉంది, పేలే పాచిక అంటారు. ఆరు ముఖాల పాచికలో 6 పడితే మళ్లీ వేసి కలుపుకుంటారు. సగటు 3.5 నుంచి 4.2 అవుతుంది, అంతే. కానీ పై హద్దు పోతుంది. 13 గానీ ఆపైన గానీ రావడానికి 36కి ఒకటి, 18 దాటడానికి 216కి ఒకటి. చిన్నదే, కానీ సున్నా కాదు. బలహీనుడికి ఇది ఆశాకిరణం. పై లెవెల్ పాత్రకి మాత్రం ముప్పు, ఎందుకంటే అతని మీదికి వచ్చే ఏ చిన్న దెబ్బ అయినా ఏదో ఒకరోజు పేలవచ్చు. ఒక చెరువు తెగి ఇంకో చెరువు మీద పడటం ఈ రకం పందెమే.

2003 నాటి ‘సావేజ్ వరల్డ్స్’ ఆటలో నేర్పు పెరిగే కొద్దీ పెద్ద పాచిక ఇస్తారు, అన్నీ పేలతాయి. అక్కడ ఒక వింత ఉంది. లక్ష్యం 6 అనుకోండి. ఆరు ముఖాల పాచికతో అవకాశం 16.7 శాతం. నేర్పు తక్కువైన నాలుగు ముఖాల పాచికతో ముందు 4 పడాలి, మళ్లీ వేసినప్పుడు 2 లేదా ఆపైన పడాలి: నాలుగింట ఒకటి, నాలుగింట మూడు, కలిపి 18.75 శాతం. తక్కువ నేర్చినవాడికే ఎక్కువ అవకాశం! తేడా స్వల్పమే కానీ నియమం రాసేముందు ఈ గుణకారం చేసి చూడాల్సిందే.

మళ్లీ మళ్లీ పేలే ఈ పందేలకి అష్టాచమ్మాలో కట్టు ఉంది. చాలా ఇళ్లలో వరసగా మూడుసార్లు చమ్మా గానీ అష్టా గానీ పడితే ఆ పందేలన్నీ చెల్లవు. సమాన గవ్వలతో పెద్ద పందెం పడే అవకాశం ఎనిమిదింట ఒకటి. వరసగా మూడు పడటం 512కి ఒకటి. మామూలుగా ఒక వంతుకి సగటున 2.86 గడులు నడుస్తాం. ఈ కట్టు పెడితే ఆ సగటు నూటికి ఒకటిన్నర వంతు కూడా తగ్గదు. అయినా ఒక్క వంతులో ఆట మొత్తం తిరగబడే ప్రమాదం పోతుంది. మామూలు రోజుల్ని ముట్టుకోకుండా, అరుదుగా పడే పెద్ద పందేల తోకని మాత్రం కోసే నియమమిది. ఇంతకంటే పొదుపైన సవరణ నేను ఏ ఆటలోనూ చూడలేదు.

తోక ఒక్కటే చూస్తే సరిపోదు, పందెం ఎన్నిసార్లు వేస్తున్నామన్నదీ చూడాలి. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటే ఉన్న వరదని ఇంజనీర్లు నూరేళ్ల వరద అంటారు. నూరేళ్లకోసారి వస్తుందని దాని అర్థం కాదు. ఒక ఏడాది రాకపోవడానికి అవకాశం 0.99. దాన్ని 50 సార్లు హెచ్చిస్తే 0.605. అంటే 50 ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం సుమారు 40 శాతం, నూరేళ్లలో 63 శాతం. 1927 నుంచి హిమాయత్ సాగర్ మీద ఏటా ఒక పందెం పడుతూనే ఉంది. 2020 అక్టోబరులో గేట్లెత్తి నీళ్లు వదలాల్సి వచ్చింది కూడా ఆ వరసలో ఒక పందెమే.

ఇదే లెక్క పై లెవెల్ ఆటని ఇంకో రకంగా కాటేస్తుంది. కొన్ని బృందాలు సరదాకి ఒక సొంత నియమం పెట్టుకుంటాయి. పాచిక మీద 1 పడితే వీరుడి చేతిలో కత్తి జారిపోతుంది. వినడానికి బాగుంది. కానీ కొత్త వీరుడు ఒక విడతలో ఒకసారే కత్తి దూస్తాడు, ఇరవయ్యో లెవెల్ యోధుడు నాలుగుసార్లు. కొత్తవాడి కత్తి జారే అవకాశం విడతకి 5 శాతం, మహావీరుడిది 18.5. పది విడతల యుద్ధంలో కొత్తవాడికి 40 శాతం, మహావీరుడికి 87. సాధన చేసిన కొద్దీ చేతిలోంచి కత్తి జారడం ఎక్కువైతే ఆ పాత్రని ప్రేమించి పెంచుకున్న ఆటగాడి మనసు నొచ్చుకోదా? ఎవరూ దుర్బుద్ధితో పెట్టిన నియమం కాదది. ఒక్క పందెం చూసి పెట్టారు, పందేల సంఖ్య చూడలేదు. ఒక విడతకి మొదటి పందెం మీదే అది వర్తిస్తుందని అంటే చాలు, ఇద్దరికీ 5 శాతమే ఉంటుంది.

పాచికల సంఖ్య పెంచి నేర్పుని చూపించే ఆటలూ ఉన్నాయి. గుప్పెడు ఆరు ముఖాల పాచికలు వేసి 5, 6 పడినవి లెక్కపెడతారు. నాలుగు పాచికలతో సగటు 1.33, దాని చుట్టూ ఊగిసలాట 0.94, అంటే సగటులో 71 శాతం. ఇరవై పాచికలతో సగటు 6.67, ఊగిసలాట 2.1, సగటులో 32 శాతం. నేర్పు పెరిగే కొద్దీ పాత్ర నిలకడ కూడా పెరుగుతుంది, నిజ జీవితంలో నిపుణుల్లో మనం చూసేదీ అదే. మూడు పాచికల మొత్తం లక్ష్యానికి లోబడితే గెలుపు అనే 1986 నాటి ‘గర్ప్స్’ పద్ధతి ఇంకో రకం. అక్కడ నేర్పు 10 నుంచి 11కి పెరిగితే గెలుపు 50 నుంచి 62.5 శాతానికి దూకుతుంది. 15 నుంచి 16కి పెరిగితే 95.4 నుంచి 98.1. కింది మెట్లు ఎక్కేవాడికి బహుమతి పెద్దది, పై మెట్ల మీద చిన్నది. పై మెట్టువాడికి ఆసక్తి నిలవాలంటే కష్టమైన పనులిచ్చి అతన్ని మళ్లీ నడుమకి దించాలి.

ఇన్ని పద్ధతుల్లో నా మనసుకి దగ్గరైనది పందెం పడ్డాక ఎంచుకునే హక్కు. అష్టాచమ్మాలో ఆరితేరిన ఆడవాళ్ల ఆట పక్కన కూర్చుని చూస్తే ఇది తెలుస్తుంది. గవ్వలు వాళ్ల మాటా వినవు, అందరికీ పడినట్టే పడతాయి. కానీ వాళ్లు కాయల్ని ఒకే చోట గుమిగూడనివ్వరు. నడి గడికి ఒక గడి దూరంలో ఒక్క కాయే మిగిలితే పనికొచ్చే పందేలు 16కి నాలుగు. ఒకటి ఒక గడి దూరంలో, ఇంకోటి రెండు గడుల దూరంలో ఉంటే పది. మూడు కాయలు ఒకటి, రెండు, మూడు గడుల దూరాల్లో నిలిస్తే పద్నాలుగు. మిగిలేవి చమ్మా, అష్టా మాత్రమే, వాటికి ఎలాగూ మళ్లీ వేసుకోవచ్చు. ఏది పడినా ఒక కాయ పండేలా ముందే పేర్చుకుంటారు. చూసేవాళ్లు వాళ్లకి పందేలు బాగా పడుతున్నాయంటారు. ఆ మాట నాకు నచ్చదు, ఎందుకంటే అందులో ఆ ఆడవాళ్ల బుర్రకి చోటు లేదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ కూడా పై లెవెళ్లలో ఇటే వచ్చింది. అనుకూలత ఉన్నప్పుడు రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోమంటుంది. 11 కావాల్సినవాడికి 50 శాతం 75 అవుతుంది. 20 కావాల్సినవాడికి 5 కాస్తా 9.75. అటా ఇటా అన్నట్టున్నచోట ఎక్కువ సాయం, అసాధ్యానికి చేరువలో తక్కువ. పైగా పాచిక హద్దు 20ని దాటదు. 2014 నాటి నియమాల్లో చోరవిద్య నేర్చిన పాత్రకి పదకొండో లెవెల్‌లో, తను బాగా సాధన చేసిన పనుల్లో, 9 అంతకు తక్కువ పడినా 10 పడినట్టే. గొప్ప డ్రాగన్ ఒక్క మంత్రంతో, ఒక్క చెడ్డ పందెంతో కూలిపోకుండా రోజుకి మూడుసార్లు ఓటమిని గెలుపుగా మార్చుకునే హక్కు ఇచ్చారు. ఆ మూడిటినీ ఎక్కడ ఖర్చుపెట్టించాలన్నది ఎదుటి ఆటగాళ్ల ఆలోచన.

మీ ఇంట్లో, మీ బల్ల దగ్గర కొత్త నియమం పెట్టాలనుకుంటే మూడు అంకెలు కాగితం మీద వేసుకోండి. అందరికంటే నేర్చినవాడికీ అందరికంటే నేర్వనివాడికీ ఎంత తేడా, పాచిక వెడల్పు ఎంత, ఒక్క పూటలో ఎన్ని పందేలు పడతాయి. గవ్వలైతే ముందు వాటిని ఓ వందసార్లు వేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో గీతలు గీసుకోండి. నాలుగు గవ్వలు వందసార్లు వేస్తే నాలుగు వందల పడటాలు. వెల్లకిలా పడినవి 200కి పది ఇరవై అటూ ఇటూ ఉంటే సమానమైన గవ్వలకీ అది మామూలే. 240 దాకా వెళ్తే మీ గవ్వలకి మొగ్గుందని అనుకోవచ్చు. అప్పుడు చివరి గడికి 1 ఒక్కటే పడాలని పట్టుబట్టాలా, లేక నియమం కాస్త సడలించాలా అన్నది ఆడేవాళ్లందరూ కూర్చుని తేల్చుకోవచ్చు.